అల్గోరిదమునకు పేరైన మహనీయుడు: అల్ ఖ్వారిజ్మీ

కంప్యూటర్ ప్రోగ్రామింగు తరగతిలో చేరిన విద్యార్థి మొదటి వారముననే వినెడి మాట అల్గోరిదమ్. ఒక సమస్యను సాధించుటకు వరుసగా చేయవలసిన పనుల క్రమమునకు ఆ పేరు. మొదట ఏమి చేయవలెను, పిదప ఏమి చేయవలెను, ఎచ్చట ఆగవలెను అను మూడు ప్రశ్నలకు తడబాటు లేకుండ సమాధానము చెప్పగలిగినదే అల్గోరిదమ్. మన విద్యార్థులలో అనేకులు ఈ మాటను పడమటి దేశముల నుండి యంత్రములతో పాటు దిగుమతియైన మాటగా భావించుచున్నారు. దాని మూలము ఒక మనిషి పేరు. సుమారు పన్నెండు వందల సంవత్సరముల క్రిందట బాగ్దాదు నగరమున గణితము, ఖగోళము, భూగోళము అను మూడు శాస్త్రములయందు కృషి చేసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ పేరే లాటిన్ భాషలో రూపు మారి, కాలక్రమమున అల్గోరిదమ్ అయినది.

ఆ మనీషి జీవితమును, కృషిని మన పత్రిక పాఠకులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము. పూర్వులను పొగడి తృప్తి చెందుటకు మేము దీనిని వ్రాయుట లేదు. ఆయన నేర్చుకొన్న విధము, నేర్పిన విధము నేటి మన తరగతి గదికి పనికివచ్చునని మా విశ్వాసము.

అల్ ఖ్వారిజ్మీ అనగా ఖ్వారిజ్మ్ ప్రాంతమునకు చెందినవాడని అర్థము. అరల్ సముద్రమునకు దక్షిణమున, అమూ దర్యా నది దిగువ భాగమున ఉన్న సారవంతమైన భూమి అది. నేడు ఆ ప్రాంతము ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశములలో చేరియున్నది. ఆయన క్రీ.శ. 780 ప్రాంతమున జన్మించి, 850 ప్రాంతమున మరణించినట్లు చరిత్రకారుల అంచనా. ఆయన తల్లిదండ్రులను గురించి గాని, గురువులను గురించి గాని, సంసారమును గురించి గాని చరిత్ర మౌనము వహించినది. క్రీ.శ. 987లో ఇబ్న్ అల్ నదీమ్ అను గ్రంథవ్యాపారి ఆనాటి అరబ్బీ గ్రంథములన్నింటికి ఫిహ్రిస్త్ అను పట్టికను సిద్ధము చేసినాడు. అందులో కూడ అల్ ఖ్వారిజ్మీకి దక్కినవి కొద్ది పంక్తులే. రాజుల దండయాత్రలు సంపుటములకొలది వ్రాయబడిన కాలమున ఒక పండితుని బ్రతుకు కొద్ది పంక్తులలో ముగిసినది. అయినను ఆ రాజుల పేర్లు చరిత్ర విద్యార్థులకు మాత్రమే తెలియును. ఈ పండితుని పేరు మాత్రము ప్రపంచములోని ప్రతి కంప్యూటర్ పాఠశాలలో ప్రతిదినము ఉచ్చరింపబడుచున్నది.

ఆయన పనిచేసిన నగరమును గురించి కొంత తెలిసికొనుట అవసరము. అబ్బాసీ వంశపు ఖలీఫా అల్ మన్సూర్ క్రీ.శ. 762లో టైగ్రిసు నదీతీరమున బాగ్దాదుకు పునాది వేసినాడు. ఆ శతాబ్ది ముగియకముందే అచట కాగితము తయారగుట ఆరంభమైనది. తోలుపత్రములతో పోల్చినచో కాగితము చవుక. చవుకయైన కాగితము వచ్చిన చోట గ్రంథములు పెరుగును, గ్రంథములు పెరిగిన చోట పాఠకులు పెరుగుదురు. 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా అల్ మామూన్ విద్యాప్రియుడు. ఆయన కాలమున బైతుల్ హిక్మా, అనగా విజ్ఞాన గృహము, మిక్కిలి ప్రసిద్ధి చెందినది. గ్రీకు, సిరియాక్, పహ్లవీ, సంస్కృత భాషలలోని శాస్త్రములు ఆ కాలపు బాగ్దాదులో అరబ్బీలోనికి వచ్చినవి. యూక్లిడ్ రేఖాగణితమును అల్ హజ్జాజ్ అరబ్బీ చేసినాడు. వైద్య గ్రంథములను అనువదించిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. ఆ పనిలో చేరుటకు భాష వచ్చునా, శాస్త్రము వచ్చునా అని చూచినారే గాని ఏ మతమువాడని చూడలేదు. అల్ ఖ్వారిజ్మీ ఈ విజ్ఞాన గృహముతో సంబంధము కలిగి, అల్ మామూన్ ఆదరణలో తన ముఖ్య గ్రంథములను రచించినారు.

ఇచట మన దేశమునకు సంబంధించిన ఘట్టము కలదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు భిల్లమాల నగరమున, అనగా నేటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్‌లో, బ్రహ్మస్ఫుట సిద్ధాంతము అను గ్రంథమును రచించినాడు. శూన్యముతో కూడికలు, తీసివేతలు ఎట్లు చేయవలెనో, ఋణసంఖ్యలను ఎట్లు లెక్కించవలెనో అందులో నియమములు చెప్పినాడు. 770 ప్రాంతమున భారతదేశము నుండి ఒక పండితుడు జ్యోతిశ్శాస్త్ర గ్రంథముతో అల్ మన్సూర్ ఆస్థానమునకు చేరినట్లు, దానిని అల్ ఫజారీ మొదలైనవారు అరబ్బీలోనికి మార్చినట్లు అరబ్బీ చరిత్రకారులు వ్రాసినారు. సిద్ధాంతము అను మన మాట అరబ్బీలో సింద్‌హింద్ అయినది. ఆ సంప్రదాయమును అనుసరించి అల్ ఖ్వారిజ్మీ సూర్యచంద్రుల, గ్రహముల గమనములను లెక్కించు పట్టికలను తయారుచేసినారు. వాటికి జీజ్ అల్ సింద్‌హింద్ అని పేరు.

అంతకంటె గొప్ప ఫలితము అంకెల విషయమున కలిగినది. తొమ్మిది అంకెలు, ఒక సున్న; ఈ పది గుర్తులతో ఎంత పెద్ద సంఖ్యనైనను వ్రాయవచ్చునను భారతీయుల పద్ధతిని వివరించుచు ఆయన ఒక గ్రంథమును రచించినారు. స్థానమునుబట్టి అంకె విలువ మారుట, ఖాళీ స్థానమును సున్నతో నింపుట, కూడిక మొదలు వర్గమూలము వరకు ఒక్కొక్క పనిని మెట్టు మెట్టుగా చేయుట అందులోని విషయము. సంస్కృతములోని శూన్యమునకు అరబ్బీలో ఖాళీ అని అర్థమిచ్చు సిఫ్ర్ అను మాట వాడుకలోనికి వచ్చినది. మన ఉర్దూ విద్యార్థులు పలుకు సిఫర్, తెలుగు విద్యార్థులు పలుకు సున్న, ఇంగ్లీషులోని జీరో, ఈ మూడును ఒకే భావమునకు దారి వేరైన రూపములు. ఈ అంకెలను అల్ ఖ్వారిజ్మీ తన సృష్టిగా చెప్పుకొనలేదు. హిందూ దేశపు లెక్క అనియే పేర్కొన్నారు. ఇతరుల వద్ద నేర్చినదానిని ఇతరుల పేరుతోనే చెప్పుట పండితుని మొదటి గుణము.

ఆయన కీర్తికి మూలస్తంభము 820 ప్రాంతమున రచింపబడి ఖలీఫా అల్ మామూన్‌కు అంకితమైన బీజగణిత గ్రంథము. దాని పేరులోని రెండు ముఖ్యమైన మాటలు అల్ జబ్ర్, అల్ ముకాబలా. జబ్ర్ అనగా విరిగినదానిని సరిచేయుట. విరిగిన ఎముకను కూర్చుటకు కూడ అరబ్బీలో ఈ మాటయే వాడుదురు. గణితములో, సమీకరణమున ఒక వైపు తగ్గింపబడిన రాశిని రెండు వైపుల చేర్చి పూర్తిచేయుట జబ్ర్. రెండు వైపుల ఉన్న ఒకే జాతి రాశులను ఎదురెదురుగా నిలిపి, సమానమైనంత మేరకు కొట్టివేయుట ముకాబలా. ఉర్దూలో బీజగణితమును జబ్ర్-ఓ-ముకాబలా అనెడి వాడుక దీనినుండియే కలిగినది. ఇంగ్లీషులోని ఆల్జీబ్రా కూడ అల్ జబ్ర్ నుండి పుట్టినదే.

ఆ గ్రంథమున నేటి బీజగణితములో కనిపించు ఎక్స్, వై గుర్తులు లేవు. కూడిక, తీసివేత చిహ్నములు లేవు. సంఖ్యలు సైతము మాటలలోనే వ్రాయబడినవి. తెలియని రాశిని షై, అనగా వస్తువు, అని పిలిచినారు. దాని వర్గమును మాల్, అనగా ధనము, అన్నారు. మూలమును జిజ్ర్ అన్నారు. ఉర్దూ తెలిసిన విద్యార్థికి ఈ మూడు మాటలు ఇంటి మాటలే. ప్రోగ్రామింగులో వేరియబుల్ అనెడి భావము విని భయపడు విద్యార్థి దీనిని గుర్తుంచుకొనవలెను. విలువ ఇంకను తెలియని వస్తువునకు ముందుగా ఒక పేరు పెట్టి, ఆ పేరుతో పని నడిపించుటయే వేరియబుల్. షై చేసిన పని అదే.

ఆయన పద్ధతి ఎట్టిదో ఒక ఉదాహరణముతో చూతము. ఒక సంఖ్య వర్గమునకు ఆ సంఖ్యకు ఆరు రెట్లు కలిపినచో 40 వచ్చుచున్నది. ఆ సంఖ్య ఎంత? మూలముల సంఖ్యయైన 6లో సగము తీసికొనుము, 3. దానిని దానిచేతనే గుణించుము, 9. దానిని 40కి కలుపుము, 49. దాని వర్గమూలము 7. అందులో నుండి ముందటి సగమును, అనగా 3ను, తీసివేయుము. మిగిలిన 4 మనకు కావలసిన సంఖ్య. 4 వర్గము 16, ఆరు రెట్లు 24, రెండును కలిసి 40. ఈ ఐదు మెట్లను ఎవరు అనుసరించినను, ఏ దేశమున అనుసరించినను, ఇట్టి లెక్కలన్నింటికి సమాధానము వచ్చును. అనుసరించువాడు మనిషియైనను సరే, యంత్రమైనను సరే. ప్రోగ్రామనగా ఇంతకంటె వేరొకటి కాదు.

అయితే అల్ ఖ్వారిజ్మీ మెట్లు చెప్పి ఊరకుండలేదు. ఆ మెట్లు ఎందుకు సరియైనవో బొమ్మ గీసి నిరూపించినారు. పై లెక్కలో తెలియని సంఖ్యను భుజముగా గల చతురస్రమును గీయుము. దాని రెండు ప్రక్కల 3 వెడల్పు గల రెండు దీర్ఘచతురస్రములను అతుకుము. ఈ మొత్తము వైశాల్యము 40. ఇప్పుడు ఒక మూల ఖాళీగా కనిపించును. అది 3 భుజముగా గల చిన్న చతురస్రము, దాని వైశాల్యము 9. ఆ ఖాళీని నింపినచో 49 వైశాల్యము గల పెద్ద చతురస్రము పూర్తియగును. దాని భుజము 7. అందులో 3 తీసివేసినచో తెలియని భుజము 4 అని కంటికే కనిపించును. సూత్రమును కంఠస్థము చేసినవాడు మరచిపోవచ్చును. బొమ్మను ఒకసారి గ్రహించినవాడు సూత్రమును తిరిగి తానే నిర్మించుకొనగలడు.

ఆ గ్రంథపు అమరిక కూడ పరిశీలింపదగినది. మూలములు, వర్గములు, సంఖ్యలు కలిసి ఏర్పడు సమీకరణములన్నింటిని ఆయన ఆరు జాతులుగా విభజించినారు. మొదట సులభమైన మూడు, పిదప కఠినమైన మూడు. ఏ లెక్క వచ్చినను జబ్ర్, ముకాబలాల సహాయముతో దానిని ఆరింటిలో ఒక దానిగా మార్చి, ఆ జాతికి చెప్పిన మెట్లను అనుసరింపవలెను. ఋణసంఖ్యలను ఆయన సమాధానములుగా అంగీకరింపలేదు. అందువలననే నేడు ఒకే సూత్రముతో చేయుదానిని ఆరుగా చెప్పవలసి వచ్చినది. ఈ విషయమున బ్రహ్మగుప్తుడు ఆయనకంటె ముందడుగు వేసినవాడే. ఎంతటి పండితునికైనను ఒక హద్దు ఉండును. దానిని గుర్తించుట ఆయనను తక్కువ చేయుట కాదు. గ్రంథము తొలి పుటలలో ఆయనయే పండితులను మూడు విధములుగా చెప్పినారు. ఎవరును కనుగొననిదానిని కనుగొనువారు కొందరు. పూర్వులు కఠినముగా విడిచినదానిని సుబోధము చేయువారు కొందరు. పూర్వుల గ్రంథములలో లోపము కనిపించినప్పుడు గర్వపడక, వారియందు సద్భావముతోనే దానిని సరిదిద్దువారు కొందరు. ముగ్గురికిని ఆయన దృష్టిలో గౌరవము కలదు.

ఈ గ్రంథము పండితుల వినోదమునకు వ్రాయబడినది కాదు. వారసత్వ పంపకములు, వీలునామాలు, వ్యాజ్యములు, వర్తకము, భూమి కొలతలు, కాలువల త్రవ్వకము, వీటిలో జనులకు నిత్యము కావలసిన లెక్కలను సులభముగా అందించుటకే దీనిని రచించుచున్నట్లు ఆయన పీఠికలో తెలిపినారు. గ్రంథములో సగమునకు సమీపించు భాగము వారసత్వ సమస్యలకే కేటాయింపబడినది. షరీఅత్ ప్రకారము అప్పులు, వీలునామా తీరిన పిదప మిగిలిన ఆస్తిని భాగములు చేయవలెను. ఒక వ్యక్తి భార్యను, ఒక కుమారుని, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించినాడనుకొందము. భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినదానిలో కుమారునికి రెండు పాళ్లు, ఒక్కొక్క కుమార్తెకు ఒక పాలు. ఆస్తిని 32 భాగములు చేసినచో భార్యకు 4, కుమారునికి 14, కుమార్తెలకు ఏడేసి చొప్పున వచ్చును. మొత్తము 32 సరిపోవును. లెక్క తెలిసినచోట ఆ వితంతువు భాగమును, ఆ ఆడబిడ్డ భాగమును ఎవరును కాదనలేరు. లెక్క తెలియనిచోట ఇంటి పెద్ద చెప్పినదే వాటా. మన చుట్టుప్రక్కల ఎందరు స్త్రీలు తమకు రావలసినదెంతో తెలియక సంతకములు చేయుచున్నారో ఆలోచించినచో, ఒక గణిత గ్రంథమున ఇన్ని పుటలు ఈ విషయమునకు ఎందుకు కేటాయింపబడినవో బోధపడును. స్పష్టమైన లెక్క బలహీనునికి అండ.

భూగోళ శాస్త్రమున ఆయన కృషి మరియొక ఆసక్తికరమైన అంశము. సూరత్ అల్ అర్ద్, అనగా భూమి స్వరూపము, అను గ్రంథమున 2,402 స్థలములకు అక్షాంశ రేఖాంశములను పట్టికగా ఇచ్చినారు. నగరములు, పర్వతములు, సముద్రములు, నదులు వేరువేరుగా అమర్చబడినవి. రెండవ శతాబ్దికి చెందిన టాలమీ గ్రంథము దీనికి ఆధారము. అయినను టాలమీని కన్నులు మూసికొని అనుసరింపలేదు. మధ్యధరా సముద్రపు పొడవును టాలమీ వాస్తవముకంటె చాల ఎక్కువ చేసి చెప్పగా, దానిని తగ్గించి నిజమునకు దగ్గర చేసినారు. భూమిమీద ఏ స్థలమునైనను రెండు సంఖ్యలతో గుర్తింపవచ్చునను ఆలోచన నేటి నెట్‌వర్కింగు విద్యార్థికి క్రొత్తగా తోచదు. కంప్యూటర్ల వలయములో ప్రతి యంత్రమునకు ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉండును. ఒక సందేశము చిన్న చిన్న పొట్లములుగా విడిపోయి, ప్రతి పొట్లముమీద చేరవలసిన చిరునామాతో బయలుదేరును. దారిలోని రౌటర్లు ఆ చిరునామాను చూచి, ఏ మార్గమున పంపవలెనో ఒక క్రమము ప్రకారము నిర్ణయించును. ఆ క్రమము కూడ అల్గోరిదమే.

బాగ్దాదులో పుట్టిన ఈ గ్రంథములు యూరపుకు చేరిన కథ కూడ అనువాదముల కథయే. 1126లో ఇంగ్లండుకు చెందిన అడెలార్డ్ ఆఫ్ బాత్ ఆయన ఖగోళ పట్టికలను లాటిన్‌లోనికి మార్చినాడు. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ స్పెయిన్‌లోని సెగోవియా నగరమున బీజగణితమును అనువదించినాడు. అంకెల గ్రంథమునకు అరబ్బీ మూలము నశించినది. లాటిన్ రూపము మాత్రమే మిగిలినది. ఆ లాటిన్ ప్రతులలో రచయిత పేరు అల్గోరిజ్మి, అల్గోరిత్మి అని మారినది. క్రమముగా జనులు ఆ పేరును లెక్కచేయు విధానమునకే వాడసాగినారు. క్రొత్త అంకెలకు ఎదురు కూడ కలిగినది. 1299లో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరపు ద్రవ్య వ్యాపారుల సంఘము ఖాతాలలో ఈ అంకెలను వాడరాదని నిషేధించినది. కాని ఉపయోగము ముందు నిషేధము నిలువలేదు. 1831లో ఫ్రెడరిక్ రోజెన్ ఆక్స్‌ఫర్డులో భద్రముగానున్న ప్రతి ఆధారముగా బీజగణిత గ్రంథమును ఇంగ్లీషులో ప్రకటించినాడు. 1936లో అలన్ ట్యూరింగ్ లెక్కించుట అనగానేమో ఒక ఊహాయంత్రము ద్వారా నిర్వచించిన పిదప అల్గోరిదమ్ అను మాటకు నేటి అర్థము స్థిరపడినది. 1979లో ఖ్వారిజ్మ్ ప్రాంతములోని ఉర్గెంచ్ నగరమున, ఆయన జన్మభూమియందే, అల్గోరిదములనుగూర్చి అంతర్జాతీయ సదస్సు జరిగినది. 1983లో సోవియట్ యూనియన్ ఆయన పేర తపాలా బిళ్ల వెలువరించినది.

ఈ చరిత్రలో మన ప్రాంతమునకు కూడ స్థానము లేకపోలేదు. అల్ ఖ్వారిజ్మీ బాగ్దాదులో లెక్కలు వ్రాయుచున్న ఆ తొమ్మిదవ శతాబ్దియందే, దక్కనులో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు అను జైన పండితుడు గణితసార సంగ్రహమును సంస్కృతమున రచించినాడు. తరువాతి కాలమున పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. గణితము తెలుగులో చెప్పుటకు వీలుకాదను మాటకు మన పూర్వ కవి అన్ని శతాబ్దుల క్రిందటనే సమాధానము చెప్పినాడు. ఇరువదవ శతాబ్దిలో హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినవి. వైద్యము, ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్రములు ఉర్దూ మాధ్యమమున బోధింపబడినవి. బైతుల్ హిక్మా అడుగుజాడలు మన ఊరి వరకు వచ్చినవని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఇక నేటి మన కళాశాల విషయము. ఉర్దూ మాధ్యమము నుండి, తెలుగు మాధ్యమము నుండి వచ్చిన విద్యార్థులు నేడు ప్రోగ్రామింగు, నెట్‌వర్కింగు పాఠములలో చేరుచున్నారు. చేరిన కొన్ని వారములకే కొందరి ముఖములలో నిరుత్సాహము కనిపించుచున్నది. తమకు ఇంగ్లీషు రాదు కనుక కంప్యూటరు రాదని వారి నిర్ణయము. మరికొందరు పరీక్షకు ముందు రాత్రి ప్రోగ్రామును పద్యమువలె కంఠస్థము చేసి, అక్షరము పొల్లుపోకుండ వ్రాసి, ఉత్తీర్ణులగుచున్నారు. లెక్కలో ఒక సంఖ్య మార్చినచో వారు ఏమియు చేయలేరు. ఇద్దరి పరిస్థితియు విచారింపదగినదే. మొదటివాడు భాషను విద్యగా పొరబడినాడు. రెండవవాడు జ్ఞాపకమును విద్యగా పొరబడినాడు.

ఇద్దరికిని అల్ ఖ్వారిజ్మీ జీవితము మార్గము చూపగలదు. ఆయన నేర్చిన అంకెలు ఆయన దేశపువి కావు. అయినను వాటిని తనకు తెలిసిన భాషలో, తన చుట్టునున్నవారికి అర్థమగునట్లు చెప్పినారు. కావున విద్యార్థి మొదట సమస్యను తన మాతృభాషలో మెట్లు మెట్లుగా వ్రాసికొనవలెను. పైన చెప్పిన వారసత్వపు లెక్కను ఉర్దూలోనో తెలుగులోనో ఐదారు వాక్యములలో స్పష్టముగా వ్రాయగలిగినవానికి దానిని కంప్యూటరు భాషలోనికి మార్చుట కొద్ది దినముల అభ్యాసము. మాతృభాషలోనే వ్రాయలేనివానికి ఏ కంప్యూటరు భాషయు సహాయపడదు. పిదప, ప్రతి మెట్టు ప్రక్కన అది ఎందుకో వ్రాసికొనవలెను. సంఖ్యలను మార్చి మరల చేసి చూడవలెను. తాను గ్రహించినదానిని ప్రక్కనున్న స్నేహితునికి వివరింపవలెను. వివరించునప్పుడు ఎచ్చట తడబాటు కలుగునో అచ్చటనే తనకు తెలియనిది దాగియున్నదని గ్రహింపవలెను. సులభమైనదానినుండి కఠినమైనదానికి పోవుట, పెద్ద సమస్యను తెలిసిన జాతులుగా విడదీయుట, బొమ్మతో సరిచూచుకొనుట, ఇవి ఆ మహనీయుని గ్రంథములో అడుగడుగున కనిపించు అలవాట్లు. అధ్యయన నైపుణ్యములని నేడు వేరొక పాఠముగా చెప్పునవి ఇవియే.

కళాశాల కార్యవర్గమువారికి కూడ ఈ సందర్భమున మా సవినయ విన్నపము ఒకటి కలదు. యంత్రములు కొనుట అవసరమే. వాటితో పాటు పదముల పట్టిక ఒకటి అవసరము. ప్రోగ్రామింగు, నెట్‌వర్కింగు పాఠములలో వచ్చు ముఖ్యమైన మాటలకు ఉర్దూలో, తెలుగులో సరళమైన వివరణములతో ఒక చిన్న పుస్తకమును మన ఉర్దూ, తెలుగు, గణిత, కంప్యూటరు శాఖలు కలిసి తయారుచేయవచ్చును. ఇంగ్లీషు మాటను తొలగించుటకు కాదు, దాని అర్థము మనస్సున నాటుకొనుటకు. అధ్యయన నైపుణ్యముల తరగతిని సంవత్సరాంతమున గాక, కంప్యూటరు పాఠములు ఆరంభమగుటకు ముందే జరిపినచో, నిరుత్సాహముతో మధ్యలో మానుకొను విద్యార్థుల సంఖ్య తగ్గునని మా అభిప్రాయము. ముఖ్యముగా, ఇంటినుండి కళాశాలకు వచ్చుటయే ఒక పోరాటమైన మన ఆడపిల్లలు ఒక మాట అర్థము కానందున వెనుదిరిగి పోరాదు.

ప్రియ విద్యార్థులారా! అల్గోరిదమ్ అను మాట విన్నప్పుడు అది మన పూర్వుని పేరని గర్వించుటలో తప్పు లేదు. కాని ఆ గర్వము ఒక లెక్కను కూడ చేసిపెట్టదు. అది భారతీయుడు కనుగొన్న అంకెలను మధ్య ఆసియావాడు అరబ్బీలో వివరింపగా, యూరపువాడు లాటిన్‌లో చదివి నేర్చిన విద్య. ఎవరు శ్రమించి నేర్చిన వారి చేతికి అది వచ్చినది. ఎవరు విడిచిన వారి చేతినుండి జారిపోయినది. బాగ్దాదు 1258లో మంగోలుల చేతిలో ధ్వంసమైనను అచ్చటి విద్య నశింపలేదు, అప్పటికే అది ఇతరుల నోటుపుస్తకములలోనికి చేరియున్నది. నేడు అది మీ నోటుపుస్తకములలోనికి రావలెను. కాగితము తీసికొని మొదటి మెట్టు వ్రాయుడు. రెండవ మెట్టు దానినుండియే కనిపించును.